బల్ల కింద కాలు

నాలుకదొరకి రుచి తెలియదు. ఉప్పు తెలియదు, పులుపు తెలియదు, మాడు వాసన ముక్కు పక్కన నిలబడి కేకేసినా తెలియదు. డాక్టరుని వదిలేస్తే, ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆయన, ఇంకొకరు ఆయన భార్య టీచరమ్మ. మిగతా జనమంతా ఆదివారం పేపరు తెరిచి, దొర ఏ హోటల్లో ఏం తినమన్నాడో చూసి, పిల్లాజెల్లాతో బయల్దేరిపోతుంటారు. జనం సంగతి కొత్తగా చెప్పేదేముంది!

పుట్టుకతో అలా కాదు. ఒకప్పుడు ఆయనది నిజంగానే మంచి నాలుక. పేపర్లో తిండి కబుర్లు రాయడం మొదలుపెట్టిన కొత్తలో, కూరలో ఏం పడిందో, ఏం పడలేదో ముద్ద నోట్లో పెట్టుకోగానే చెప్పేసేవాడు. "నాలుకదొర" అని పేపరువాళ్ళు పెట్టిన పేరు ఊరికే రాలేదు. తర్వాత ఒక పాడు జ్వరం వచ్చింది. పోతూ పోతూ రుచినీ వాసననీ మూటగట్టుకుపోయింది. "వస్తే వస్తుంది, లేకపోతే లేదు" అన్నాడు డాక్టరు. ఆ ముక్క చెప్పడానికి అంత చదువెందుకో!

ఆ రోజుల్లో దొర కంచం ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. టీచరమ్మ ఆ ఏడుపు చూడలేకపోయింది. పక్కన కూర్చుని, అదే కూర తను తింటూ, ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టింది. "ఉల్లిపాయలు తొందర లేకుండా వేగాయండీ. తీపంతా వాటిదే. మిరియం వెంటనే తెలియదు, మింగాక గొంతులో మెల్లిగా మండుతుంది" అని. దొర కళ్ళు మూసుకుని, దవడలు ఆడిస్తూ, "ఊఁ... ఇంకా?" అనేవాడు. ఆవిడ చెబుతున్నంతసేపూ ఆయన నోట్లో నిజంగానే ఏదో కదిలేదట. అలా ఓదార్పుగా మొదలైన మాటలు మెల్లిగా పేపరెక్కాయి. మాటలు ఆవిడవి, పేరు ఆయనది.

ఇంట్లో అయితే సరే, పదిమందిలో ఎలా? హోటల్లో కూర్చోగానే వంటవాడు, యజమాని, పక్క బల్లవాళ్ళు దొర నోటి వంకే చూస్తుంటారు. నోట్లో పెట్టుకున్న మరుక్షణం ఏదో ఒకటి అనాలి. దానికి టీచరమ్మే దారి కనిపెట్టింది. ఆవిడ ఆడపిల్లల బళ్ళో కుట్టుపని నేర్పే టీచరు. మిషను తొక్కీ తొక్కీ ఆవిడ కాలికి ఎక్కడ ఎంత నొక్కాలో చేతికంటే బాగా తెలుసు. బల్ల కింద భర్త పాదం మీద మడమ ఆనిస్తే ఉప్పెక్కువ. బొటనవేలితో గీరితే పులుపు. గట్టిగా నొక్కి పట్టుకుంటే పాచి సరుకు, జోలికి పోవద్దని. రెండు తట్లు తడితే బాగుంది. మిషను తొక్కినట్టు ఆపకుండా తడితే బ్రహ్మాండం. ఈ చివరిది ఆవిడ ఇంతవరకూ ఎక్కడా వాడలేదు. ఆవిడకి అంత తేలిగ్గా ఏదీ నచ్చదు.

కొన్నిచోట్ల వడ్డించేవాళ్ళు బల్ల కింద జరిగేది చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. ఈ వయసులో కూడా ఎంత సరసమో అని వాళ్ళ మురిపెం. టీచరమ్మకి సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. దొర మాత్రం మీసం సవరించుకునేవాడు.

ఈ ఏడాది సెలవులకి పేపరు ప్రత్యేక సంచిక వేస్తోంది. చిన్న ఊళ్ళు, చిన్న హోటళ్ళు, కారులో భార్యాభర్తల షికారు. అదీ ఎడిటరు కోరిక. సెలవులు చివరికొచ్చేసరికి తను కూడా ఫలానా ఊరి హోటలుకొచ్చి కలుస్తానన్నాడు. ఆ మాట వినగానే టీచరమ్మ ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్నది బయటపెట్టేసింది.

"ఏవండీ, ఈ సంచికలో నా పేరు కూడా వేయించండి."

దొర బూట్లు తుడుచుకుంటున్నవాడు ఆగాడు. "నీ పేరా? ఎందుకూ?"

"ఎందుకేంటి? తినేది నేను, చెప్పేది నేను. మీ పేరు తీసెయ్యమనట్లేదుగా. పక్కన నాది కూడా. అంతే."

"అంతేగా! దానికింత మొహమాటమా? ఎడిటరుతో భోజనాల దగ్గర నేనే కదుపుతా మాట. నా మీద ఒట్టు."

తన మీద తనే ఒట్టేసుకునే మనిషిని నమ్మచ్చో లేదో ఆవిడకి తెలియక కాదు. కానీ అచ్చులో తన పేరు తలుచుకోగానే మనసు ఆగలేదు. బళ్ళో తోటి టీచర్లు పేపరు పట్టుకుని "ఇది మీరేనా?" అని అడుగుతున్నట్టు, తను "ఆఁ, ఏదో" అంటున్నట్టు ఊహించుకుంది. ఊహకి ఖర్చేముంది!

కారు చిన్నది, రోడ్లు ఇరుకు, సెలవుల జనం చీమల బారు. దొర నడుపుతాడు, టీచరమ్మ పక్కన కూర్చుని నిన్న తిన్నది వివరంగా చెబుతుంది. ఆయన వింటూ దానికి నగలు తొడుగుతాడు. ఆవిడ "రొట్టె పైన పెళుసుగా, లోపల తడిగా ఉంది" అంటే, ఆయన "పెంకు పగిలిన చప్పుడుకి నా బాల్యం ఉలిక్కిపడి లేచింది" అని రాసుకుంటాడు. ఆయన బాల్యమంతా సందు చివర కొట్లో మెత్తటి బన్నులతో గడిచిందని ఆవిడకి తెలుసు. అయినా ఊరుకుంటుంది. అది ఆయన వాటా.

మొదట్లో దిగిన ఊళ్ళు బాగానే గడిచాయి. ఒక చోట బేకరీ నడిపే ముసలావిడ వేడి రొట్టె కోసి ముందు టీచరమ్మ చేతిలోనే పెట్టింది. టీచరమ్మ తిని, "అమ్మా, పిండి రాత్రంతా పులియబెట్టారు కదూ?" అంది. ముసలావిడ మొహం వెలిగిపోయింది. నోరు తెరిచేలోగా దొర ముందుకొచ్చి, "మా ఆవిడకి నేను నేర్పానులెండి" అన్నాడు. ముసలావిడ రొట్టె పళ్ళెం ఆయన వైపు తిప్పింది.

"నేర్పారా మీరు?" అంది కారెక్కాక టీచరమ్మ.

"అబ్బా, ఏదో మాటవరసకి. నువ్వట్లా ముందే అనేస్తే నేనేమనాలి? ఆగాలి కదా."

"పేరు వేయిస్తే ఆ గొడవే ఉండదు. ఎవరు చెప్పినా ఒకటే."

"వేయిస్తానన్నానుగా!"

రేవు పక్క ఊళ్ళో మాత్రం ఆవిడ మనసు విరిగింది. అక్కడ ఒకాయన చిన్న బడ్డీ ముందు బల్లలు వేసి చేపలు వేయించి అమ్ముతాడు. పొద్దుటి నుంచీ జనం తెగబడ్డారేమో, నూనె మార్చే తీరిక దొరికినట్టు లేదు. చేప మంచిదే, తాజాదే. నూనె ఒక్కటే అలిసిపోయింది. ఇంత సంగతి కాలితో ఎలా చెప్పడం? టీచరమ్మ కాస్త నొక్కి, వెంటనే రెండు తట్లు తట్టింది. చేప బాగుంది, నూనె బాగాలేదు అని. దొర నొక్కుడు అందుకున్నాడు, తట్లు వదిలేశాడు. పళ్ళెం పక్కకి తోసి, నలుగురూ వినేలా గొంతు సవరించుకున్నాడు.

"ఈ చేపకి రెండుసార్లు అన్యాయం జరిగిందయ్యా. ఒకసారి వలలో, ఇంకోసారి నీ మూకుట్లో."

వరసలో ఉన్నవాళ్ళంతా విరగబడి నవ్వారు. అందులో సగంమంది అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. బడ్డీ ఆయన గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "సార్, చేప పొద్దున్నే వచ్చింది సార్. చూడండి సార్" అంటున్నాడు, ఎవరూ చూడట్లేదు.

"చేప బాగుందండీ! నూనె మార్చుకుంటే చాలు" అని టీచరమ్మ లేచి గట్టిగానే అంది. దొర ఆ మాట వినలేదు, అప్పటికే కారు దగ్గరున్నాడు. వరసలోని వాళ్ళు ఆవిడ వైపు చూసి, మళ్ళీ దొర వెళ్ళిన వైపే చూశారు. ఆ రోజు కార్లో ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. దొరకి అది తెలియలేదు. తన మాట ఎంత పేలిందో తలుచుకుని స్టీరింగు మీద దరువేస్తున్నాడు.

చివరికి ఎడిటరు రమ్మన్న హోటలు వచ్చింది. రెండంతస్తుల పాత ఇల్లు. కింద భోజనాల గది, పైన పడక గదులు. గుమ్మం దగ్గరే హోటలాయన చేతులు నలుపుకుంటూ నిలబడున్నాడు. పేపరువాళ్ళు వస్తున్నారంటే ఆయనకి రెండు రోజులుగా నిద్ర లేనట్టుంది. ఎడిటరు ముందే వచ్చి కూర్చున్నాడు. బొద్దుగా, నవ్వుమొహంతో, ఆకలేస్తే కూర్చున్నచోట కాలు ఊపే మనిషి. అప్పుడు కూడా కాలు ఊపుతూనే ఉన్నాడు. బల్ల మీద గ్లాసులు సన్నగా చప్పుడు చేస్తున్నాయి.

గుండ్రటి బల్ల. నేల దాకా వేలాడే గుడ్డ. దొరకి ఒక పక్క ఎడిటరు, ఇంకో పక్క టీచరమ్మ. ఆవిడ చెప్పు విప్పి, కాలు సిద్ధం చేసుకుని, భర్త మొహం వైపు చూసింది. కదపండి మరి, అని.

దొర నీళ్ళు తాగాడు. చేతిరుమాలు మడిచాడు, విప్పాడు. వాతావరణం బాగుందన్నాడు. ఎడిటరే పాపం అనుకోకుండా దారి చూపించాడు.

"ఏమ్మా, సెలవులు సరదాగా గడిచాయా? మీకూ తిండి విషయాల్లో సార్‌కున్నంత ఆసక్తి ఉందా?"

ఇంతకంటే మంచి అదను ఎక్కడ దొరుకుతుంది? తలుపు తెరిచి, దీపం పెట్టి, రండి అన్నట్టే కదా! టీచరమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. భర్త వైపు తిరిగింది. దొర ఎడిటరు మొహం చూశాడు, ఆ మొహంలో తన మీదున్న గౌరవం చూశాడు, ఆ గౌరవం మీద ఈగ వాలడం కూడా ఇష్టంలేక గట్టిగా నవ్వేశాడు.

"ఆవిడకా? పాపం, ఆవిడకి ఏదైనా ఒకటేనండీ. ఏం పెడితే అది తినేస్తుంది. ఏదో ఒంటరిగా ఇంట్లో ఎందుకని వెంట తిప్పుతున్నా."

ఎడిటరూ నవ్వాడు. హోటలాయనా నవ్వాడు, నవ్వాలేమోనని. టీచరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. బల్ల కింద కాలు మెల్లిగా వెనక్కి తీసుకుని, చెప్పు తొడుక్కుని, రెండు కాళ్ళూ కుర్చీ కిందకి మడిచి పెట్టుకుంది. కానీండి దొరగారూ, ఇవాళ మీ నాలుకే మాట్లాడాలి అనుకుంది.

అప్పుడే గుమ్మడికాయ సూపు వచ్చింది. గిన్నె గది దాటకముందే టీచరమ్మకి తెలిసిపోయింది. అడుగంటింది. మామూలుగా అంటడం కాదు, ఎవరో గిన్నె పొయ్యి మీద పెట్టి కబుర్లలో పడ్డారు. పైన మీగడ చుక్క వేసి, ఆకులు చల్లి కప్పిపెట్టారు గానీ, వాసన కప్పితే ఆగుతుందా? ఎడిటరు ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు పెద్దవి చేశాడు. మింగాలా, వద్దా అని ఆగి, దొర వైపు చూశాడు. హోటలాయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. తప్పైపోయింది, ఇంకో గిన్నె చేయిస్తా అనడానికి పెదాలు కదుపుతున్నాడు.

దొర చెంచా నోట్లో పెట్టుకుని ఎదురుచూశాడు. కాలు రాలేదు. టీచరమ్మ వైపు క్రీగంట చూశాడు. ఆవిడ గోడ మీద గడియారం చూస్తోంది. దొర గుటక మింగాడు. బల్ల కింద ఆయన పాదం ముందుకి, పక్కకి, వెనక్కి వెతుక్కుంటూ పోతోంది. నడుము దాకా కుర్చీలో జారిపోయాడు. ఒక్కసారిగా ఆయన మొహం మారింది. నొసలు విప్పారాయి, కళ్ళలో నీళ్ళు నిలిచాయి.

టీచరమ్మకి అర్థం కాలేదు. చేతిరుమాలు కింద పడేసి వంగి చూసింది. దొర పాదం ఎడిటరు బూటుకి ఆనుకుని ఉంది. ఎడిటరు మాడు సూపు మింగలేని కంగారులో కాలు మిషను తొక్కినట్టు ఊపేస్తున్నాడు.

ఆవిడ పైకి లేచేసరికి దొర చెంచా కిందపెట్టి లేచి నిలబడ్డాడు.

"ఎడిటరుగారూ, ఇన్నేళ్ళలో నేనీ మాట ఎప్పుడూ అనలేదు. ఇవాళ అంటున్నా. బ్రహ్మాండం! ఇలాంటిది నేనింతవరకూ నోట్లో పెట్టుకోలేదు!"

అది మాత్రం నిజమే.

ఎడిటరు నోట్లో ఉన్నది గుటుక్కున మింగి, ఇంకో చెంచా తీసుకున్నాడు. ఈసారి కళ్ళు మూసుకున్నాడు. "అవునండోయ్... మొదట కాస్త కొత్తగా అనిపించింది గానీ, లోపల ఏదో ఉంది. లోతు ఉంది" అన్నాడు. పక్క బల్లవాళ్ళు మాకూ అదే సూపు కావాలన్నారు. క్షమించమనడానికి వచ్చిన హోటలాయన నడుము నిటారు చేసుకుని, "మా ఇంటి పద్ధతండీ. మా తాతగారి నాటిది" అన్నాడు. ఎంత తొందరగా పుట్టాడో ఆ తాత!

"మాడింది" అంది టీచరమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"సూపు మాడిందండీ. అడుగంటింది. ఇంతమంది తింటున్నారు, ఒక్కరికీ తెలియట్లేదా?"

ఒక్క క్షణం ఎడిటరు చెంచా గాల్లో ఆగింది. ఆయన కళ్ళలో ఔనన్న మాట స్పష్టంగా కనిపించింది. కానీ ఆ కళ్ళు ఆవిడ దగ్గర ఆగకుండా దొర దగ్గరికి పోయాయి. దొర నవ్వి భుజాలెగరేశాడు. అంతే, ఎడిటరుకి ప్రాణం లేచొచ్చింది.

"కొన్ని రుచులు అందరికీ అందవమ్మా. అలవాటు పడాలి" అన్నాడు ఎంతో మర్యాదగా. హోటలాయన వంటగదిలోకి పరుగెత్తి, రోజూ ఇలాగే వండమని వంటవాడికి గట్టిగా చెప్పడం బయటికి వినిపించింది. టీచరమ్మ గిన్నె ముందు అలాగే కూర్చుంది. చెంచా తీసి గిన్నె పక్కన బోర్లించింది.

మర్నాడు పొద్దున్న కారు ఊరు దాటాక దొర మొదలుపెట్టాడు.

"నువ్వు చేసిన పని బాగుందా? కాలితో అంత బ్రహ్మాండమని చెప్పి, నోటితో మాడిందంటావా?"

"అది నా కాలు కాదు."

"మరి?"

"మీ ఎడిటరుది."

దొర బండి పక్కకి ఆపేశాడు. తేలు కుట్టిన దొంగలా కాసేపు అద్దంలోంచి రోడ్డు చూశాడు. "అంటే... నిజంగా మాడిందా?"

"బొగ్గు."

తప్పు చేశానంటాడేమో, కనీసం ఉత్తుత్తికైనా అంటాడేమో అని ఆవిడ ఆగింది. దొర పెదాల మీదికి ముందు సన్నటి నవ్వొచ్చింది. అది పెద్దదయ్యింది.

"అయితే నువ్వు చెప్పకపోయినా నడిచిపోయిందన్నమాట! చూశావా? వచ్చే వారం నుంచి నా ఫొటో కూడా వేస్తానన్నాడు ఎడిటరు. ఇక నీకు ఆ కాలి శ్రమ కూడా లేదు, హాయిగా తిను."

"నా పేరో?"

"నువ్వే చెప్పు, నిన్న నువ్వు మాడిందన్నాక ఏ మొహం పెట్టుకుని అడగను?"

టీచరమ్మ తలుపు తీసుకుని కిందకి దిగింది. రోడ్డు పక్కన ఒకావిడ గంపలో కమలాపళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఒక సంచి నిండా కొనుక్కుని, మళ్ళీ కారెక్కి, ఒక పండు వొలిచింది. తొక్క చిట్లగానే వాసన కారంతా కమ్మేసింది. ఒక తొన నోట్లో వేసుకుంది. అంతే, ఆవిడ కళ్ళు మూతలు పడ్డాయి. ఏడుపొచ్చేంత బాగుంది. పుల్లదనం మచ్చుకైనా లేదు, నిండా ఎండ తాగిన తీపి.

దొర ఆవిడ మొహమే చూస్తున్నాడు. నవ్వు పోయింది. తను కూడా ఒక తొన తీసుకుని నమిలాడు. నమిలి, ఇంకా నమిలి, మింగాడు. గొంతు తగ్గించి, "ఎలా ఉందే?" అన్నాడు. పేపరు కోసం అడిగిన గొంతు కాదది. కంచం ముందు ఏడ్చిన రోజుల్లో గొంతు.

టీచరమ్మకి జాలి పొంగుకొచ్చింది. నోటిదాకా మాటలొచ్చేశాయి. వాటిని పళ్ళ బిగువున ఆపింది.

"ఫోను తియ్యండి. ఎడిటరుకి చెయ్యండి. ఇన్నాళ్ళూ రుచి చూసింది మా ఆవిడ అని చెప్పండి. అప్పుడు చెబుతా. దీని ఒక్కదాని సంగతి కాదు, బతికినన్నాళ్ళూ చెబుతా."

దొర ఫోను తీశాడు. ఎడిటరు పేరు దాకా వెళ్ళాడు. బొటనవేలు ఆ పేరు మీద చాలాసేపు ఆడింది. టీచరమ్మ ఆ వేలి వంకే చూసింది. ఆయన ఫోను జేబులో పెట్టేసుకుని, బండి తీశాడు.

"పుల్లగానే ఉండుంటుందిలే" అన్నాడు కొంచెం దూరం పోయాక, గొంతు సవరించుకుంటూ. "రోడ్డు పక్క పళ్ళేగా. పులుపనే రాస్తా. 'తొలి తొనకే నాలుక ఝల్లుమంది' అని. ఎలా ఉంది?"

"రాసుకోండి" అంది టీచరమ్మ. సంచి ఒళ్ళో పెట్టుకుని ఇంకో పండు వొలిచింది. రసం మోచేతి దాకా కారింది.